గ్రీజు పిన్ని ఎత్తిన గేట్లు

వంటమనిషి పదకొండేళ్లు పొయ్యి వెలిగించకపోతే ఆమెను వంటమనిషి అనరు. డ్రైవరు పదకొండేళ్లు బండి కదపకపోతే లైసెన్సు పీకేస్తారు. గ్రీజు పిన్ని మాత్రం పదకొండేళ్లుగా ఒక్క చుక్క నీళ్లు వదలకుండా డ్యామ్ గేట్ల ఆపరేటరుగా దర్జాగా జీతం తీసుకుంటోంది. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది కూడా.

తప్పు ఆమెది కాదు. నీళ్లు గేట్లదాకా వస్తేగా ఎత్తడానికి. ఆ డ్యామ్ కట్టి యాభై ఏళ్లు దాటింది. కట్టినవాళ్లు తెలివైనవాళ్లే. ఏ వారానికి జలాశయం ఎంత నిండాలో, ఎప్పుడు గేట్లు మూసి ఉంచాలో, ఎప్పుడు తెరవొచ్చో ఒక పెద్ద పటం గీసి, దానికి అద్దం బిగించి, ఇంజనీరు గదిలో వేలాడదీసి పోయారు. అప్పట్లో వాన కూడా ఆ పటం చూసుకునే కురిసేది. ఈమధ్య దానికి మర్యాద తప్పింది. రావలసిన నెలలో రాదు. వచ్చినప్పుడు మూడు నెలల వాన మూడు రోజుల్లో, అదీ ఎవరికీ అక్కర్లేని కొండ అవతల కుమ్మరించి పోతుంది. ఎండలు చూస్తే ఏడాదికేడాది ముదురుతున్నాయి. జలాశయంలో ఊరు తాగే నీళ్లకన్నా ఎండ తాగే నీళ్లే ఎక్కువయ్యాయని ఇంజనీరు తేల్చేశాడు. ఊళ్లో కుళాయిలు మూడు రోజులకోసారి గంటసేపు వచ్చేవి. ఆ గంటలోనే స్నానాలు, బట్టలు, గిన్నెలు, పక్కింటివాళ్లతో పోట్లాటలు అన్నీ పూర్తి కావాలి.

అలాంటి ఊళ్లో పిన్ని ప్రతి బుధవారం పొద్దున్నే నూట పన్నెండు మెట్లెక్కి డ్యామ్ పైనున్న మోటారు గదిలోకి వెళ్లేది. ఆరు గేట్లు. ఒక్కో గేటు పళ్లచక్రాలకూ చేత్తోనే గ్రీజు పట్టించేది. ఆఫీసువాళ్లు కుంచె ఇచ్చారు గానీ, ఎక్కడ అరిగిందో కుంచెకేం తెలుస్తుంది, వేలికే తెలియాలి అనేది. తర్వాత మోటారు వేసి ఒక్కో గేటునూ జానెడు ఎత్తి, పది లెక్కపెట్టి, మళ్లీ దించేది. గేటు వెనకాల నీళ్లుండవు. ఎండకు కాగిన సిమెంటు ఉంటుంది, దానిమీద ఒకటో రెండో బల్లులుంటాయి. ఆ బల్లులకోసమే గేట్లు ఎత్తుతున్నంత శ్రద్ధగా ఎత్తేది.

డ్యామ్ కింద, ఏరు వెంబడి ఉన్న కింది వీధిలో ఆమె ఆడపడుచు బేకరీ నడిపేది. వదినగారిని ఆటపట్టించడానికి ఆవిడకు ముహూర్తం అక్కర్లేదు.

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది వదినా నీ ఉద్యోగం," అనేది రొట్టెలు కాగితంలో చుడుతూ. "కుళాయిలో చుక్క లేదు. ఆ ఇనప రేకులకి మాత్రం వారం వారం డబ్బా గ్రీజు."

"నీ పొయ్యి గొట్టం ఊడ్చుకో ముందు. మసి రొట్టెల మీద రాలుతోంది," అనేది పిన్ని. మాటకు మాట అప్పజెప్పడంలో ఆవిడా తక్కువ తినలేదు.

కానీ లోపల ఒక కోరిక ఉండేది. ఉద్యోగం నేర్పిన పాత ఆపరేటరు తన కాలంలో ఏటా రెండుమూడుసార్లు గేట్లు ఎత్తాడట. ఆ నీళ్ల కబుర్లు చెప్పీ చెప్పీ ఆమెకు పిచ్చెక్కించి పోయాడు. ఆమెకు ప్రమోషను వద్దు, సన్మానం వద్దు. తన చేత్తో ఎత్తిన గేటు కిందినుంచి నీళ్లు దూకడం ఒక్కసారి కళ్లారా చూడాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు.

ఆ ఏడాది నడివేసవిలో, ఎవరూ గొడుగు అనే వస్తువును తలచుకోని రోజుల్లో, ఆకాశానికి చిల్లు పడింది. నాలుగు రోజులు ఏకధాటిగా కురిసింది. పిన్నికి కాలు ఒకచోట నిలవలేదు. గంటకోసారి మెట్లెక్కి నీళ్లు ఎంత పెరిగాయో చూసి దిగేది. రెండు మెట్లకోసారి కూర్చోవలసిన యాభై ఏడేళ్ల మోకాళ్లు ఆ నాలుగు రోజులూ కిమ్మనలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం నీళ్లు గేట్ల పాదాలు తాకాయి. అక్కడెవరూ లేరు కాబట్టి ఆమె హాయిగా, గట్టిగా, కడుపు పట్టుకుని నవ్వింది. సాయంత్రానికి నీళ్లు గేట్లలో సగానికి వచ్చాయి. ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో డ్యామ్ మీదికి తరలివచ్చింది. అపరిచితులు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. బేకరీ ఆడపడుచు బుట్టెడు రొట్టెలు తెచ్చి కనిపించినవాళ్లందరికీ పంచిపెట్టి, ఎందుకు పంచానా అని ఇంటికెళ్లాక ఆశ్చర్యపోయింది.

ఇంజనీరు సంబరం ఇంకో రకం. నాలుగేళ్లుగా నీళ్లకు కోత పెట్టీ పెట్టీ ఊరందరి చేతా తిట్లు తిన్న మనిషి ఆయన. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కూడా లేకుండా పోయారు. ఇప్పుడు గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ నీళ్లకేసి చూసి ముసిముసిగా నవ్వుకున్నాడు. ఒక్క చుక్క కూడా బయటికి పోవడానికి వీల్లేదని ఆఫీసులో అందరికీ చెప్పేశాడు.

అయిదో రోజు తెల్లవారేసరికి వాన వెలిసింది. కడిగిన అద్దంలాంటి ఎండ కాసింది. పొద్దున్న తొమ్మిదింటికి ఎగువన ఏటి నీటిమట్టం కొలిచే చోట ఉండే కాపలాదారు పిన్నికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, మీ దగ్గర తెరిపిచ్చిందేమో గానీ ఇక్కడ రాత్రంతా కురిసింది. మా వంతెన మునిగిపోయింది. నీళ్లు అయిదారు గంటల్లో మీ మీదికి వచ్చి పడతాయి. చెప్పలేదనొద్దు."

పిన్ని ఒక్క పరుగున ఇంజనీరు గదికి వెళ్లింది.

"సార్, ఇప్పుడే గేట్లు ఎత్తాలి."

ఇంజనీరు తల ఎత్తి చూసి చిరునవ్వు నవ్వాడు. "ఎత్తాలనే ఉంటుందమ్మా మీకు. నాకు తెలీదా?"

"అది కాదు సార్. ఎగువ వంతెన మునిగింది."

"నాకూ ఫోన్ వచ్చింది. ఇంకా సగం చోటు ఖాళీగా ఉంది కదా. నిండనివ్వండి. నిండాక మిగిలింది వదులుదాం. ఆ పటం చూడండి, ఈ నెలలో గేట్లు మూసే ఉంచాలని రాసుంది."

గుమస్తా కాగితాల చాటున నవ్వాడు. పిన్ని ముఖం ఎర్రబడింది. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. అందరూ అనుకుంటున్నది అబద్ధమా అంటే కాదు. పదకొండేళ్లుగా ఎత్తాలని తహతహలాడుతున్న మనిషి ఎత్తాలి అంటే ఎవరు నమ్ముతారు? ఇది బుద్ధి చెబుతున్న మాటా, చేతి దురదా అని తనను తానే నిలదీసుకుంది. రెండూ గట్టిగానే కేకలు వేస్తున్నాయి, ఏ గొంతు ఎవరిదో తెలియడం లేదు. అందుకని రెండింటినీ నోరు మూయించి, వేళ్లమీద లెక్క వేసింది. లెక్క తేలగానే మళ్లీ లోపలికి వెళ్లింది.

"సార్, ఒక గేటు మొత్తం ఎత్తడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా?"

"పదిహేను నిమిషాలు. పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినప్పుడు మోటార్లు కొత్తవి సార్. ఇప్పుడు జానెడు ఎత్తడానికి రెండు నిమిషాలు పడుతోంది. గేటు ఎత్తు ఇరవై జానలు. అంటే నలభై నిమిషాలు. మనకొచ్చే కరెంటుకి ఒకేసారి రెండు మోటార్లే నడుస్తాయి. ఆరు గేట్లూ ఎత్తాలంటే రెండు గంటలు కావాలి నాకు. నిండాక ఎత్తమంటున్నారు. నిండాక ఆ నీళ్లు నాకోసం రెండు గంటలు ఆగుతాయా?"

ఇంజనీరు నవ్వు ఆగింది. "రెండు నిమిషాలని ఎవరు చెప్పారు?"

"అయిదు వందల డెబ్భై బుధవారాలు చెప్పాయి సార్. మీరంతా నవ్వారుగా, ఆ బుధవారాలే."

ఇంజనీరు లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. జలాశయం ఎండలో మిలమిల మెరుస్తోంది. ఆయన గొంతు మెత్తబడింది.

"పదకొండేళ్లకి వచ్చిన నీళ్లమ్మా ఇవి. నేనే నా చేతులతో వదిలేసి, తర్వాత వాన పడకపోతే ఈ ఊరు నన్ను బతకనిస్తుందా?"

"పడబోయే వాన సంగతి కాదు సార్ నేను చెప్పేది. పడిపోయిన వాన సంగతి. అది దారిలో ఉంది. దానికి చోటు చేయకపోతే గేట్ల మీదినుంచి దూకి కింది వీధిలో పడుతుంది. వదిలిన దానికి రెండింతలు సాయంత్రానికి మళ్లీ వస్తుంది. పూచీ నాది."

ఇంజనీరు పటం వైపు చూశాడు. పటం ఏమీ మాట్లాడలేదు. పై ఆఫీసుకు ఫోన్ చేసి, పది నిమిషాలు వాదించి, చెమట తుడుచుకుంటూ ఆర్డరు రాసిచ్చాడు. కింది వీధిని గంటలో ఖాళీ చేయించమని మైకు బండిని పంపాడు. సైరన్ మోగింది.

కింది వీధివాళ్లు బుద్ధిగా ఇళ్లు ఖాళీ చేశారు గానీ దూరంగా పోలేదు. ఎత్తైన వంతెన మీద వరసగా నిలబడ్డారు. ఊరు మిగతా సగం కూడా వాళ్ల పక్కకు చేరింది. బడి వదిలేశారు, బ్యాంకులో వరసలో నిలబడ్డవాళ్లు వరస వదిలేశారు. పిన్ని మొగుడు దర్జీ. ఆయన కూడా దుకాణం మూసి, మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి, వంతెన మధ్యలో చోటు సంపాదించాడు.

ఇక్కడ మోటారు గది గురించి ఒక ముక్క చెప్పాలి. దానికి కిటికీలు జలాశయం వైపే ఉన్నాయి. నీళ్లు దూకే వైపు గోడ. తుంపర మోటార్ల మీద పడకూడదని కట్టినవాళ్ల ముందుచూపు. గేటు ఎంత లేచిందో చెప్పడానికి గోడమీద గడియారంలాంటి ముల్లు ఒకటి ఉంటుంది. గేటు ఎత్తి ఉన్నంతసేపూ ఆపరేటరు స్విచ్ వదిలి కదలకూడదు. రెండో ఆపరేటరు ఉంటే వంతులు వేసుకోవచ్చు. గేట్లే ఎత్తనప్పుడు రెండో మనిషెందుకని ఆ ఉద్యోగం తొమ్మిదేళ్లుగా నింపలేదు. ఇవన్నీ పిన్నికి ఎప్పుడూ తెలిసినవే. కానీ కోరిక తలకెక్కినప్పుడు గోడ ఎవరికి గుర్తుంటుంది? స్విచ్ ముందు నిలబడ్డాకే ఆమెకు తట్టింది, ఊరంతా చూడబోయేది తనకు కనబడదని. అయ్యో రాతా అనుకుని నవ్వేసి, మొగుడికి ఫోన్ కలిపి, బల్లమీద స్పీకర్లో పెట్టింది.

"ఏమండీ, ఎత్తుతున్నాను. చూసి చెప్పండి."

"ఊఁ," అన్నాడు ఆయన.

పిన్ని స్విచ్ నొక్కింది. మోటారు గుర్రుమంది. ఇనప తాళ్లు బిగిశాయి. ముల్లు కదిలింది. కాళ్లకింద నేల సన్నగా వణికింది. ఫోన్లో వందలమంది ఒక్కసారి హోరుమన్నారు. ముల్లు జానెడు దగ్గరికి చేరింది. ఆమె స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి, గేటు దించేసింది.

ఫోన్లో హోరు తగ్గి, తగ్గి, పూర్తిగా ఆగిపోయింది. అంతమంది జనం అంత నిశ్శబ్దంగా ఉండగలరని ఎవరూ అనుకోరు. తర్వాత ఆడపడుచు అన్నగారి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"వదినా, ఇంతేనా?"

పిన్ని ముల్లు వైపు చూసింది. సున్నా దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. తన చేతి వైపు చూసుకుంది. అయిదు వందల డెబ్భై బుధవారాలు ఎత్తి, పది లెక్కపెట్టి, దించిన చేయి. ఈరోజు బుధవారం కాదని దానికెవరూ చెప్పలేదు. ఇంకో ఫోన్ మోగింది. ఇంజనీరు. మోటారు కాలిపోయిందా, తాడు తెగిందా, కరెంటు పోయిందా అని ఊపిరి తీసుకోకుండా అడిగాడు.

"ఏం లేదు సార్. అలవాటు," అంది పిన్ని. "మళ్లీ ఎత్తుతున్నా."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఎడమచేత్తో నోరు మూసుకుని కుడిచేత్తో స్విచ్ నొక్కింది. ఈసారి జానెడు దాటించింది, రెండు జానలు, మూడు. రెండో గేటు కూడా కదిలించింది. నేల వణుకు మోకాళ్లదాకా పాకింది. గోడకు తగిలించిన తాళంచెవులు గలగలలాడాయి. అవతల గోడ వెనక ఏదో పెద్దది ఆగకుండా గర్జిస్తోంది.

"ఏమండీ, ఎలా ఉంది?" అని ఫోన్లోకి అరిచింది.

"వస్తున్నాయి."

"ఎలా వస్తున్నాయి?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "కిందికి."

పిన్ని నెత్తి కొట్టుకుంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ మనిషిని ఏమీ అనలేదు గానీ ఆ క్షణంలో అనాలనిపించింది. అనడానికి తీరిక లేదు. ఏటి మీద ఒక్కసారిగా బరువు పడకుండా రెండు జానలకోసారి ఆగుతూ ఎత్తాలి. మధ్యాహ్నం దాటాక ఎగువ నీళ్లు వచ్చి పడ్డాయి. కిటికీలోంచి చూస్తే జలాశయం రంగు మారి, చెట్ల మొద్దులు, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ తేలుతూ వచ్చాయి. నాలుగు గేట్లు లేచాయి.

మూడింటికి ఇంజనీరు తలనుంచి పాదాలదాకా తడిసి గదిలోకి వచ్చాడు. బయట నడవా మీద నిలబడి అంతసేపూ నీళ్లే చూశాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"వెళ్లి చూసి రండమ్మా. నేనుంటాను స్విచ్ దగ్గర. అయిదు నిమిషాలు. నిబంధన సంగతి నేను చూసుకుంటాను."

తలుపు అవతల పన్నెండడుగులు నడిస్తే చాలు. పిన్ని తలుపు వైపు చూసింది. ఒక కాలు కదిపింది కూడా. అప్పుడే మూడో గేటు తాడు కిర్రుమంది.

"ఇది అయిదో జాన దగ్గరా, పన్నెండో జాన దగ్గరా మొరాయిస్తుందని పాత ఆపరేటరు చెప్పి పోయాడు సార్. స్విచ్ ఆపి, మూడు లెక్కపెట్టి, మళ్లీ వేయాలి. ముందే వేస్తే తాడు మీదికి తాడు ఎక్కుతుంది. ఇప్పుడు పదకొండు దాటింది."

"చెప్పండి, నేర్చుకుంటాను."

"ఇది నేర్చుకునే రోజు కాదు సార్. మీరు వెళ్లండి. నీళ్లు చూస్తూ ఉండండి, ఏమైనా తేడా వస్తే చెప్పండి."

ఆయన వెళ్లాడు. పిన్ని స్విచ్ దగ్గరే నిలబడింది. బాధ కలగలేదంటే అబద్ధం. కళ్లు చెమర్చాయి, తుడుచుకుంటే చేతి గ్రీజు చెంపకంటింది. పన్నెండో జాన దగ్గర గేటు మొరాయించింది. ఆమె ఆపి, మూడు లెక్కపెట్టి, మళ్లీ వేసింది. గేటు మాట వింది. ఆ వినడం చూసి ఆమెకు మళ్లీ నవ్వొచ్చింది.

నాలుగున్నరకు నీళ్లు గేట్ల పై అంచుకు జానెడు కింద ఆగాయి. కాసేపు అక్కడే ఊగిసలాడి, ఇక పెరగలేదు. మిగతా రెండు గేట్లతో పని పడలేదు. కింది వీధిలో నీళ్లు బేకరీ రెండో మెట్టుదాకా వచ్చి, మూడో మెట్టు ఎక్కకుండా మర్యాదగా వెనక్కి తగ్గాయి. ఎగువనుంచి వచ్చేది తగ్గాక ఇంజనీరు ఇక దించమన్నాడు. దించడంలో తొందరపడితే జలాశయం పొంగుతుంది, ఆలస్యం చేస్తే ఊరి నీళ్లు ఏటిపాలవుతాయి. పిన్ని ఒక్కో గేటునూ జానెడు జానెడుగా దించుతూ వచ్చింది. ఆరుంబావుకు ఆఖరి గేటు నేలకు ఆనింది. జలాశయం నిండుగా, కదలకుండా ఉంది. రెండేళ్లు వాన ముఖం చాటేసినా కుళాయిలు రోజూ వస్తాయని ఇంజనీరు ఫోన్లో ఎవరితోనో ఊగిపోతూ చెబుతున్నాడు. మధ్యలో ఫోన్ పక్కకు పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఆ పటం మళ్లీ గీయాలమ్మా. మీ నలభై నిమిషాలు కూడా అందులో వేయాలి. బుధవారం ఇద్దరిని పంపిస్తాను, మూడో గేటు సంగతి వాళ్లకి నేర్పండి."

"అలాగే సార్," అని పిన్ని స్విచ్ పెట్టెకు తాళం వేసి బయటికి వచ్చింది. ఇంకా వెలుతురుంది. నడవా మీదికి వెళ్లి, కమ్మీ పట్టుకుని కిందికి వంగి చూసింది. తడి బండలు ఉన్నాయి. గుంటల్లో కొంచెం నురగ ఉంది. అంతే.

మెట్ల కింద దర్జీ నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. పిన్ని అలసిపోయి ఏమీ అడగలేదు. పది అడుగులు నడిచాక ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"ముందు చప్పుడొచ్చింది," అన్నాడు. "నీళ్లు తర్వాత."

పిన్ని ఆయన వైపు చూసింది.

"తెల్లగా వస్తాయనుకున్నాను. కాదు. గేటు దగ్గర అద్దంలా ఉన్నాయి, అవతలి గోడ కనబడేంత పల్చగా. బట్ట తాను విప్పినట్టు, నువ్వెంత వెడల్పు ఎత్తావో సరిగ్గా అంత వెడల్పున, అంచు ఎక్కడా పీక్కుపోకుండా వచ్చాయి. బండలకి తగిలాక తెల్లబడ్డాయి. నువ్వొకసారి మూసేశావు చూడు, అప్పుడు ఆఖరి నీళ్లు గాల్లో ఉండగానే వెనకవి ఆగిపోయాయి. ఆ గాల్లో ఉన్నవి ఒక్కటే విడిగా పడ్డాయి. అందరూ నోళ్లు తెరిచారు. నాకైతే అదే బాగుంది. తర్వాత నాలుగో గేటు లేచాక వంతెన వణికింది. మా చెల్లి నా చేయి పట్టుకుంది. మా వదిన ఎత్తింది, మా వదిన ఎత్తింది అని ఎవరో తెలియనివాళ్లకి కూడా చెప్పింది..."

చెబుతూ చెబుతూ నడిరోడ్డు మీద ఆగి, రెండు చేతులూ చాపి వెడల్పు చూపించాడు. దారిన పోయేవాళ్లు పక్కకు తప్పుకుని వెళ్లారు. మార్కెట్టు దాటినా, మలుపు తిరిగినా ఆయన ఆపలేదు. ఇల్లు వచ్చేసరికి నాలుగు గేట్లూ దించి, నురగ ఎలా తగ్గిందో కూడా చెప్పేశాడు. అప్పుడు మాటలు అయిపోయి, సిగ్గుపడి, తాళం తీయబోయాడు.

పిన్ని గుమ్మం మెట్టు మీద చతికిలబడి, పక్కన చోటు చూపించింది.

"మళ్లీ మొదటినుంచి చెప్పండి," అంది. "ముందు చప్పుడొచ్చింది. తర్వాత?"